చిన్న గిన్నె

ఫ్రిజ్ తలుపు తీయగానే కోడలు ఒక అడుగు వెనక్కి వేసింది. ఆదివారం కదా, ఫ్యాక్టరీకి సెలవు కదా, కాస్త సర్దుదామని తీసింది గానీ, లోపలి సంగతి తెలిసుంటే ఆ తలుపు జోలికే వెళ్లేది కాదు. పై అరలో డబ్బాలు, కింది అరలో డబ్బాలు, నీళ్ల సీసాలుండాల్సిన చోట గిన్నెలు, గిన్నెల మూతల మీద మళ్లీ గిన్నెలు. ఒక మూత తీస్తే బంగాళాదుంప వేపుడు, చుట్టూ నూనె గడ్డకట్టి మైనంలా పేరుకుంది. ఇంకోటి తీస్తే పప్పు, పైన నీళ్లు తేలి, అంచుల వెంట బుడగలు. మూడో డబ్బా మూత కాస్త లేచేసరికే వచ్చిన వాసనకు ముక్కు మూసుకుని మళ్లీ నొక్కేసింది.

"అది పారెయ్యకమ్మాయ్" అంది వెనకనుంచి అత్త, తడి చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. "మధ్యాహ్నం వెచ్చబెట్టుకుని నేను తినేస్తాలే."

"ఎప్పటిది అత్తయ్యా ఇది?"

"మొన్నటిది. కాదు, అటుమొన్నటిదేమో. బానే ఉంటుందమ్మా, కాస్త పులిసిందంతే."

ఆ 'అంతే' విని కోడలు పళ్లు కొరికింది. ఆ వారంలోనే కడుపు డాక్టరు అత్తకు గొట్టం వేసి చూసి, ఫొటో కూడా చూపించాడు. ఎర్రటి గోడ మీద సిగరెట్టుతో కాల్చినట్టు ఒక పుండు. చద్దివీ, మాడిన నూనెవీ మానకపోతే ఆ పుండు పగులుతుందని, అప్పుడిక మందులతో పని జరగదని, కొయ్యాల్సిందేనని, ఆ వయసులో కోతంటే తను మాట ఇవ్వలేనని కోడలిని పక్కకు పిలిచి చెప్పాడు. ఆ సమయానికి అత్త బల్ల కింద చెప్పులు వెతుక్కుంటూ, డాక్టరు గారి టైమంతా పాడుచేశామని బాధపడుతోంది.

"ఇవి మీరు తినకూడదని చెప్పాడు కదా అత్తయ్యా."

"మరి పారేస్తామా?" అంది అత్త. డబ్బా అందుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. పొయ్యి మీద మూకుట్లో పోయిన వారం కాచిన నూనె ఉంది. నల్లగా, చిక్కగా, బండి ఇంజన్లోంచి దించినట్టుంది. అందులోనే ఇవాళ మళ్లీ వేపుడు. కోడలు ఆ నూనెలో తన ముఖం చూసుకోబోయి, కనపడక, కిటికీ తెరిచి కాసేపు బయటి గాలి పీల్చుకుంది.

ఇంత మిగలడానికి కారణం మామ. ఆయన గోడౌన్లో స్టోర్‌కీపరుగా చేసి రిటైరైన మనిషి. సరుకు నిండుకోవడమంటే ఆయనకు పరువు పోవడంతో సమానం. తినేవాళ్లు బల్ల దగ్గర కూర్చునుండగా గరిటె గిన్నె అడుగుకు తగిలి చప్పుడు చేయకూడదు. అదొక్కటే ఆ ఇంటి చట్టం. చప్పుడైందంటే మామ చెయ్యి ఆపేసి, "అయిపోయిందా?" అని అడుగుతాడు. గట్టిగా కూడా అడగడు. ఆ మాటకు అత్త ముఖంలో రక్తం ఇంకిపోతుంది.

ఆ మధ్యాహ్నం కూడా బల్ల చుట్టూ మామ, భర్త, మరిది, కోడలు కూర్చున్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే, "పనిచేసి వచ్చే మనిషివి, నువ్వూ వాళ్లతో కూర్చోమ్మాయ్" అని అత్త ఆమెకు కుర్చీ వేసేసింది. వడ్డన అత్తది. భర్త బస్సు డ్రైవరు, రోడ్డు మీద తప్ప ఇంకెక్కడా కళ్లు పెట్టి చూడడు. ఇంట్లో ఆ కళ్లు ఫోనుకు అంకితం. మరిది బైకు మెకానిక్కు, గోళ్లలో గ్రీజు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక ముక్క. కూరలో క్యారెట్టు అంటే పడదు. ఒక్కో ముక్కా వేలితో వెతికి, కొంచెం కొరికి చూసి, కంచం అంచుకు నెట్టి పేరుస్తాడు. తినడమయ్యాక అన్నం పిసికిన ముద్ద ఒకటి, దాని పక్కన క్యారెట్టు గుట్ట ఒకటి వదిలేసి లేచాడు. కోడలు ఆ కంచం చూడలేక ముఖం తిప్పుకుంది.

"కూర బాగుంది" అన్నాడు మామ, ఇంకా సగం నిండుగా ఉన్న గిన్నెను తృప్తిగా చూస్తూ.

*

షర్టుల ఫ్యాక్టరీలో కోడలి పని చెకింగ్. కుట్టి వచ్చిన షర్టును బల్ల మీద పరిచి, కాలరు తిప్పి, గుండీలు లాగి, చంక కుట్టు వేళ్లతో తడిమి, వేలాడే దారాలను చిన్న కత్తెరతో తుంచి, మరక ఉంటే ఎర్ర స్టిక్కరు అంటించి పక్కకు విసరాలి. తప్పు ఉన్నదని తెలిస్తే చేతులకు దురద. ఇంట్లో ఇంత పెద్ద తప్పు కళ్లెదుట పెట్టుకుని స్టిక్కరు అంటించలేకపోవడం ఆమెకు మింగుడు పడలేదు.

"అంతా ఒక్కరోజే మార్చావనుకో, మీ మామ ఇల్లు పీకి పందిరేస్తాడు" అంది పక్క బల్ల పొడుగమ్మ. అసలు పేరు ఫ్యాక్టరీలో ఎవరికీ గుర్తులేదు. "మా ఇంట్లో నేను ఉప్పు తగ్గించడానికి ఒక చలికాలం పట్టింది. చిటికె చిటికె చొప్పున తగ్గించా. ఇప్పుడు హోటల్లో తింటే మా ఆయనే ఉప్పెక్కువైందని గోల."

"ఉప్పు సరే. గిన్నె నిండుగా లేకపోతే ఒప్పుకోడే."

పొడుగమ్మ చెకింగ్ అయిన షర్టును మడిచి, లోపల అట్టముక్క పెట్టి, భుజాలు వెనక్కి లాగి పిన్ను గుచ్చింది. పిల్లవాడికి చాలని షర్టు పహిల్వానుది లాగా ఛాతీ విరుచుకుంది. కోడలు దాన్నే చూస్తూ ఉండిపోయింది. సాయంత్రం ఇంటికెళ్లే దారిలో గిన్నెల కొట్లో ఆగి, నోరు సన్నగా, పొట్ట పొడుగ్గా ఉన్న చిన్న స్టీలు గిన్నె ఒకటి కొంది. కూర కొంచెమే పట్టినా పైకంటా కనపడుతుంది. గరిటె ఎంత దించినా అడుగు అంత త్వరగా అందదు.

మర్నాటి నుంచి వంట తనదంది. "మీకు విశ్రాంతి కావాలని డాక్టరు చెప్పాడు" అని అబద్ధమాడింది. అత్త నమ్మలేదు గానీ ఎదురుచెప్పలేదు. కోడలు మొదట ఆ మూకుడు పట్టుకుంది. నల్లనూనెను సీసాలోకి వంపి బిరడా బిగించి చెత్తలో వేసి, మూకుడును పీచుతో, బూడిదతో, చివరికి చాకుతో గీకింది. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు పొరలు పొరలుగా, కుళ్లిన చర్మంలా ఊడొచ్చింది. చేతులు సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా ఆ కంపు వదల్లేదు. ఫ్యాక్టరీలో తెల్లషర్టు ముట్టుకోవడానికే భయమేసింది.

తర్వాత నూనె. డబ్బాతో వంపడం మానేసి గరిటెతో పోసింది. కొన్నాళ్లకు గరిటె పోయి పెద్ద చెంచా వచ్చింది. దుంపలను వేపే బదులు ముందు ఆవిరికి ఉడకబెట్టి, చివర్లో మాత్రం కాస్త వేడి నూనెలో తిప్పింది. మరిది ఏరి పారేయకుండా క్యారెట్టును సన్నగా తురిమి పప్పులో కలిపేసింది. "వదినా, పప్పు రంగేంటి ఇలా ఉంది?" అని వాడు అనుమానంగా చూస్తే, "పప్పుకు జలుబు చేసింది, తిను" అంది. వాడు తిన్నాడు. క్యాబేజీ కాడలు, బీన్సు తొడిమల కింది లేతభాగం, ఇదివరకు చెత్తలోకి పోయేవన్నీ తరిగి పులుసులో వేసింది.

"కూర ఆసుపత్రి వాసనొస్తోంది" అన్నాడు మామ ఒకరోజు.

"మీకు జలుబేమో నాన్నా" అన్నాడు భర్త ఫోనులోంచి తల ఎత్తకుండా. ఆ ఇంట్లో అతను కోడలికి చేసిన సాయం అదొక్కటే. అదీ తెలియక చేసింది.

అన్నిటికన్నా ముఖ్యం కొలత. ప్రతి రాత్రీ బల్ల మీదనుంచి ఎంత వెనక్కి వస్తోందో చూసుకునేది. వెనక్కి వచ్చినంతా ఎక్కువ వండినట్టే కదా అనుకుని, మర్నాడు ఆ మేరకు తగ్గించేది. ఒకరోజు పిడికెడు బియ్యం, ఒకరోజు ఒక దుంప. మామ కొత్త గిన్నెలోకి తొంగిచూసి, నిండుగా ఉందని తృప్తిపడి, వడ్డించమనేవాడు. ఆఖరిది గిన్నె వంచి పోస్తే గరిటె చప్పుడూ కాలేదు, ఆయన చట్టానికి ఏ లోటూ రాలేదు. అందరూ లేచేసరికి గిన్నెలో మిగిలేది రోజురోజుకూ తగ్గి, చివరికి గోడలకు అంటుకున్న గుజ్జు మాత్రం మిగిలింది.

రెండు వారాలు గడిచేసరికి ఫ్రిజ్ తెల్లబడింది. నీళ్ల సీసాలు, పాలు, గుడ్లు, ఒక కాగితం సంచిలో కూరలు. అంతే. ఒక్క డబ్బా లేదు. తలుపు తీసి ఊపిరి నిండా పీల్చినా ఏ వాసనా లేదు. కోడలు రోజుకు ఒకటికి రెండుసార్లు పనిలేకపోయినా ఆ తలుపు తీసి చూసుకునేది. అత్త ఒళ్లు కూడా కాస్త తగ్గింది, చేతి గాజు మోచేతి దాకా జారుతోంది. నూనె తగ్గిన ఫలితం చూశావా అని పొడుగమ్మ దగ్గర గొప్పలు చెప్పుకుంది.

"ఇంకా మంట ఉందా అత్తయ్యా?" అని అడిగితే, "ఇదివరకంత లేదమ్మా" అనేది అత్త. "కాకపోతే కాస్త నీరసం."

"చద్ది మానేశారు కదా, ఇక పుండు మానుతుంది. వృథా లేకుండా వండుకుంటే అందరికీ మంచిదే. ఒక్క మెతుకు కూడా పారేసే పని లేదు చూశారా?"

"అవునమ్మా" అంది అత్త. "పారేయడం తప్పు కదా."

*

ఆ రోజు కుట్టుమిషన్ల హాల్లో కరెంటు పోయి, జనరేటరు కూడా మొరాయిస్తే, మధ్యాహ్నానికే అందరినీ ఇళ్లకు పంపేశారు. కోడలు వచ్చేసరికి ముందుగదిలో మామ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. మరిది భోంచేసి షెడ్డుకు వెళ్లిపోయినట్టున్నాడు, వాడి గ్రీజు చెప్పుల అచ్చులు గుమ్మం దాకా ఉన్నాయి. చెప్పులు విప్పి, చప్పుడు చేయకుండా వంటింటి వైపు నడిచింది.

అత్త గోడకు ఆనుకుని పొట్టి స్టూలు మీద కూర్చుంది. ఆమె ముందు నేల మీద తిన్న కంచాలున్నాయి. మామ కంచంలోంచి చల్లారిన అన్నం మెతుకులను వేలితో పోగుచేసి తన గిన్నెలో వేసుకుంది. తర్వాత మరిది కంచం దగ్గరికి లాక్కుంది. పులుసులో దొరికిన బీన్సు ముక్కలను వాడు కొరికి ఉమ్మినట్టు అంచున పెట్టాడు, వాటి మీద పంటి గాట్లు అక్కడినుంచే కనపడుతున్నాయి. అత్త వాటిని ఒక్కొక్కటీ తీసి, గిన్నెలో వేసుకుని, కోడలు కొన్న చిన్న గిన్నెలో వేడినీళ్లు పోసి గోడలకంటిన గుజ్జు కడిగి, ఆ నీళ్లు కూడా అందులోనే వంపింది. కాస్త ఉప్పు చల్లింది. కలిపింది. ముద్ద ఎత్తింది.

కోడలు గుమ్మం పట్టుకుంది. నోరు మూసుకుని పెరటి వైపు పరిగెత్తి, కుళాయి దగ్గర వంగి, ఫ్యాక్టరీలో తిన్న డబ్బా అన్నం అంతా కక్కేసింది. తలెత్తేసరికి అత్త పక్కన నిలబడి వీపు రాస్తోంది. ఆ చెయ్యి మీద ఇంకా ఎంగిలి మెతుకు ఒకటి అంటుకుని ఉంది.

"ఏం తిన్నావమ్మా? ఎండలో వచ్చావా?"

"మీరేం తింటున్నారు అత్తయ్యా?"

అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. దొంగతనం చేస్తూ పట్టుబడిన మనిషిలా నేల చూసింది.

"కొంచెమే మిగిలింది. పారెయ్యకూడదని..."

"అది వాళ్ల ఎంగిలి."

"పరాయివాళ్లదా ఏంటి, పిల్లాడిదే కదా." అత్త మెల్లగా అంది. "ఇదివరకు డబ్బాలుండేవి, వెచ్చబెట్టుకునేదాన్ని. ఇప్పుడు నువ్వు పొదుపుగా వండుతున్నావు, మంచిదే. మిగలడం లేదు. నాకూ పెద్దగా ఆకలుండదులే."

కోడలు కుళాయి కట్టేయడం కూడా మరిచిపోయి అలాగే నిలబడింది. నీళ్లు కాళ్ల మీదుగా పారుతున్నాయి. గిన్నెలోంచి వెనక్కి వచ్చిందంతా ఎక్కువైంది అనుకుంది తను. అది ఎక్కువైంది కాదు, ఈవిడ కంచం. ఆ పులిసిన పప్పు, మైనంలా పేరుకున్న వేపుడు, అదే ఈ ఇంట్లో ఈవిడకున్న వాటా. తను రోజుకో పిడికెడు చొప్పున, రోజుకో దుంప చొప్పున, నవ్వుతూ ఆ వాటాను కోసేసింది. గాజు మోచేతి దాకా జారితే సంబరపడింది. షర్టు చంకలో పోగు తెగితే పట్టుకునే కళ్లు, తనకు వడ్డించిన మనిషి ఎప్పుడు తింటుందో ఇన్నాళ్లూ చూడలేదు. తనకు కుర్చీ వేశారు. కూర్చుంది. అంతటితో సరిపోయింది. మామ మీద, మరిది మీద పుట్టిన రోత ఆ క్షణాన తన మీదికి తిరిగి, నోట్లో చేదుకన్నా అదే ఎక్కువగా అసహ్యమనిపించింది.

"నాకొక్క మాట చెప్పుండొచ్చు కదా అత్తయ్యా."

"ఏం చెప్పను?" అంది అత్త, నిజంగానే అర్థం కానట్టు. "నాకు పెట్టు అని అడగనా?"

*

ఆ సాయంత్రం కోడలు మామూలు కన్నా ముందే వంట ముగించింది. చెంచా నూనెతోనే చేసింది, ఆవిరికే ఉడికించింది, కాడలేవీ పారేయలేదు. కానీ బియ్యం పోసేటప్పుడు ఒక మనిషిని కలుపుకుని పోసింది. తర్వాత ఎవరినీ పిలవకుండా కంచం తీసుకుని బల్ల మీద పెట్టి, పొగలు కక్కే అన్నం, పప్పు, కూర వడ్డించి, అత్తను రెండు భుజాలూ పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

"వాళ్లు తినకుండానా?" అంది అత్త. లేవబోయింది. కోడలు భుజాల మీదినుంచి చేతులు తీయలేదు.

"ముందు మీరు. మీరు తిన్నాకే వాళ్లను పిలుస్తాను."

పిలవకుండానే వాసనకు మామ వచ్చాడు. వెనకే మరిది, వాడి వెనక ఫోను చూసుకుంటూ భర్త. బల్ల దగ్గర అత్త ఒక్కతే కూర్చుని ఉండడం చూసి ముగ్గురూ గుమ్మంలోనే ఆగిపోయారు, తమ ఇల్లో కాదో అన్నట్టు.

"ఏంటిది?" అన్నాడు మామ.

"అత్తయ్య తింటున్నారు. కాసేపు ఆగండి."

"ఆకలేస్తోంది వదినా" అన్నాడు మరిది.

కోడలు వాడి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "నీ కంచంలో నువ్వు కొరికి వదిలేసినవి మీ అమ్మ ఏరుకుని తింటోంది. ఇవాళ మధ్యాహ్నం చూశాను. నిన్న, మొన్న కూడా తినుంటుంది. అడుగు."

మరిది అడగలేదు. కంచం అంచున ముక్కలు పేర్చే ఆ వేలు ప్యాంటుకు తుడుచుకుంటూ నిలబడ్డాడు. భర్త ఫోను జేబులో పెట్టాడు. కోడలు అతని ముఖం చూసింది. ఏదో అంటాడేమోనని చూసింది. అతను తల్లి వైపు చూసి, చూడలేక, గోడ వైపు తిరిగాడు.

మామే నోరు విప్పాడు. "ఎవరు తినమన్నారు? నేను తినమన్నానా? గిన్నె నిండా వండుకోమని మొదటినుంచీ చెప్తూనే ఉన్నాను."

ఇంతకన్నా నీచమైన మాట కోడలు ఆ ఇంట్లో వినలేదు. కానీ అందులో తన చిన్న గిన్నె తప్పు కూడా ఉంది. "నేనే తక్కువ వండాను మామయ్యగారూ" అంది. "ఎక్కువ వండినప్పుడు ఆవిడ కుళ్లింది తిన్నారు. తక్కువ వండితే ఎంగిలి తిన్నారు. ఎంత వండినా మనం తిని లేచాకే కదా ఆవిడకు. అందుకే ఇవాళ్టినుంచి ముందు ఆవిడకు పెడతాను. ఆవిడ చాలన్నాక మనం కూర్చుందాం."

"నలుగురిలో నన్ను తిండిపోతుని చేశావు" అంది అత్త, తలెత్తకుండా. ఆ గొంతులో కృతజ్ఞత ఏమీ లేదు. కోపమే ఉంది, సిగ్గు ఉంది. అయినా కంచం వదలలేదు. గుమ్మంలో ఉన్నవాళ్లకు వీపు కనపడేలా కుర్చీని కాస్త జరుపుకుని, పప్పన్నం కలిపి, పెద్ద ముద్ద ఒకటి నోట్లో పెట్టుకుంది.

పెట్టుకున్న మరుక్షణం చేత్తో నోరు మూసుకుంది. కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి.

"ఏమైంది అత్తయ్యా? మంటా?"

అత్త తల అడ్డంగా ఊపి, ముద్దను ఈ బుగ్గకూ ఆ బుగ్గకూ మార్చుకుంటూ, ఎలాగో మింగి, నీళ్లు తాగింది. "ఏం లేదు. నాలిక కాలింది" అంది. "వేడి అలవాటు తప్పింది."

ముగ్గురు మగాళ్లూ నిలబడే ఉన్నారు. అత్త రెండో ముద్దను పసిపిల్లకు పెట్టేవాళ్లలా ఊదుకుంది, మూడోదాన్నీ ఊదుకుంది. ఆ తర్వాత ఊదడం మానేసి, వేగంగా, మెతుకులు బల్ల మీద పడుతున్నా చూసుకోకుండా తింది. మామ ఒకసారి దగ్గాడు. ఇదివరకైతే ఆ దగ్గుకు గరిటె దానంతటదే కదిలేది. అత్త తల తిప్పలేదు. కంచం ఖాళీ అయింది. ఖాళీ కంచాన్ని కాస్త ముందుకు జరిపి, అడగడం ఎలాగో అప్పుడే నేర్చుకుంటున్నదానిలా, "ఇంకొంచెం కూర వెయ్యమ్మాయ్" అంది.

కోడలు వేసింది.